ఖిల్లా మీద ఇద్దత్

ఆటోనగర్‌లో లారీలకి సీటు కవర్లు కుట్టే హుమాయూన్‌కి ఆదివారం సెలవు. భార్య తబస్సుం కట్టిచ్చిన కిచిడీ డబ్బా బండికి తగిలించి, వెనక వాళ్ళమ్మ బేగం బీని కూర్చోబెట్టుకుని, కొండపల్లి ఖిల్లాకి బయల్దేరతాడు. ఆవిడకి మతిమరుపు. కన్నకొడుకుని "సీటు కవర్ల అబ్బాయ్" అంటుంది.

ఖిల్లా మీద దర్గా దర్వాజా దాటితే మర్చిపోయినవన్నీ గుర్తొస్తాయని బెజవాడలో తెలియనివాళ్ళు లేరు. పరీక్షల ముందు పిల్లలూ, బీరువా తాళాలు ఎక్కడ పెట్టారో తెలియని ఆడవాళ్ళూ, పెళ్ళిరోజు మర్చిపోయి తిట్లు తిన్న మగవాళ్ళూ టికెట్టు కొనుక్కుని వెళ్తుంటారు. కిందికి దిగితే మళ్ళీ మామూలే. అందుకని తెలివైనవాళ్ళు కాగితం, పెన్నూ తెచ్చుకుంటారు.

హుమాయూన్‌కి కాగితంతో పనిలేదు. వాళ్ళమ్మ ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు.

ఆ ఆదివారం కూడా మెట్ల మీద ఆవిడ చెయ్యి విదిలించుకుంటూనే ఉంది. "త్వరగా పోదాం అబ్బాయ్. మా ఆయన బజారు నుంచి వచ్చే టైమైంది. నేను కనబడకపోతే కంగారుపడతారు."

దర్వాజా దాటారు. ఆవిడ ఆగి, అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"హుమాయూన్! ఎంత చిక్కిపోయావురా బేటా!"

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఎంతసేపు? ఆవిడ కళ్ళు అప్పుడే నిండిపోయాయి.

"మీ నాన్న పోయారు కదరా."

"రెండేళ్ళయింది అమ్మీ."

"నాకు ఇవాళే కదరా." గాజులు తీసేసి, కొంగు తల మీదికి లాక్కుంది. "ఇద్దత్‌లో ఉన్నదాన్ని కొండెక్కించావా?"

భర్త పోయిన ఇల్లాలు నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఆవిడ మగవాళ్ళ కంటపడకుండా గోడవైపు తిరిగి ముడుచుక్కూర్చుంది. సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

ప్రతి వారం ఇంతే. తన పేరు వినాలన్న ఆశతో అమ్మకి వారం వారం మొగుణ్ణి పోగొడుతున్నానని హుమాయూన్‌కి తెలుసు. తెలిసి ఏం లాభం? ఆదివారం వచ్చేసరికి చేతులు వాటంతటవే బండి తాళం తీస్తాయి.

"పదకొండు ఆదివారాలయింది," అంది బేగం బీ. "పైకొస్తే అన్నీ గుర్తే. పదకొండుసార్లు ఇద్దత్ మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. కింద ఆయన బతికే ఉన్నారు బేటా. బజారుకెళ్ళారంతే. నన్నక్కడే ఉండనీ."

"మరి నేనో?"

ఆవిడ అతని చేతిలోని డబ్బా మూత తీసి, ముద్దకొకసారి పేరు పెట్టి పిలుస్తూ తినిపించింది. ఇంకెప్పుడూ తీసుకురానని ఒట్టేయించుకుంది. ఖిల్లా మూసే వేళ అని వాచ్‌మన్ ఈల వేసేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

దర్వాజా దాటి మూడో మెట్టు మీద ఆవిడ చెయ్యి లాక్కుంది. బండి దగ్గర అతని మొహం చూసి జాలిపడింది.

"ఏడుస్తున్నావేంటి అబ్బాయ్? పొద్దుపోయింది, నన్ను దింపేసి ఇంటికెళ్ళు. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"అలాగేనండీ," అన్నాడు హుమాయూన్.