వెలిసిన దిండు

ఇద్రియా ఊళ్లో మగవాళ్లు పాదరసం గనిలోకి దిగగానే ఆడవాళ్లు కిటికీ పక్కన చేరతారు. బుట్టలో గుండ్రటి దిండు, దాని మీద నమూనా కాగితం, గుండుసూదులు, చెక్క కండెలు. ఇక సాయంత్రం దాకా వీధంతా కండెల టకటక. అలాంటి ఊళ్లో తెరేజియా లేసు మానేస్తానంది. ఎందుకని అడిగిన వాళ్లందరికీ "విసుగొచ్చింది" అని చెప్పింది.

అది అబద్ధం. నెల రోజులుగా ఆవిడకు తెల్లదారం కంటికి ఆనడం లేదు. అల్లింది విప్పడం, విప్పింది మళ్లీ అల్లడం. గనివాళ్లను కాచే బార్బరమ్మ పండక్కి చర్చి బల్లగుడ్డ అంచు ముప్పై ఏళ్లుగా తన చేతిదే. ఈసారి ఆ నమూనా కాగితం పక్కింటి జుస్టీనాకు ఇచ్చేసింది. ఇచ్చి వచ్చి వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడ్చింది. కళ్లు పోయాయని చెప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

దిండేమో కోడలు నెవెంకాకు. చేయి మారే దిండుకు కొత్త గుడ్డ తొడగాలి, అది ఆ ఊరి ఆనవాయితీ. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన కోడలికి ఈ పని కొత్త. సంతలో రెండు ముక్కలు కొనుక్కొచ్చింది.

"ఈ ఎర్రపూలది తొడుగుదాం అత్తయ్యా. ఎంత ముచ్చటగా ఉందో!"

"ఏడ్చినట్టుంది. కళ్లు పూల మీదకి పోతే దారాన్నెవరు చూస్తారే? దిండు గుడ్డ ముదురు రంగుండాలి, నున్నగా ఉండాలి. నూగుంటే అదంతా లేసుకే అంటుకుంటుంది. ఆ నీలం ముక్క పర్లేదు. అయినా మా అమ్మ కుట్టిన ఈ గుడ్డ ముందు అదెంత! ముదురాకుపచ్చ!"

నెవెంకా దిండు వైపు చూసింది. అత్తగారి వైపు చూసింది.

"ఆకుపచ్చ ఎక్కడుంది అత్తయ్యా?"

"ఎదురుగానే ఉంటే! నీక్కూడా కళ్లు పోయాయా?"

"నాక్కూడా అంటే?"

"కూడా లేదు, గీడా లేదు. ముందు ఆ కుట్టు విప్పు."

నెవెంకా విప్పింది. లోపలికి మడిచి కుట్టిన నాలుగు వేళ్ల అంచు బయటపడింది. ఎండ మొహం చూడని ఆ అంచు చిక్కటి ఆకుపచ్చ. పక్కనే పైగుడ్డ పలచటి మజ్జిగ రంగు. రోజూ చూస్తున్న గుడ్డ కదా, వెలిసిన సంగతే తెరేజియాకు తెలియలేదు.

ఆవిడ ఒక దారప్పోగు తీసి పైగుడ్డ మీద పెట్టింది. మాయమైంది. మడత మీద పెట్టింది. పురితో సహా కనిపించింది. మళ్లీ పెట్టి చూసింది. అప్పుడు పట్టుకుంది నవ్వు. కుర్చీ చేతులు పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుని నవ్వింది.

"పోయింది నా కళ్లు కాదే పిల్లా, గుడ్డ!"

నీలం గుడ్డను ఒక్క ముడత లేకుండా ఆవిడే లాగి కుట్టింది. దుమ్ము పడకుండా పైన కప్పడానికి ఎర్రపూలది ఉంచుకుంది.

"మరి నా దిండు?" అంది నెవెంకా.

"నీకు రంపప్పొట్టు దట్టించి కొత్తది చేసిస్తాలే. ముందు జుస్టీనా ఇంటికి పరిగెత్తు. ఆవిడ సూది గుచ్చేలోపు నా కాగితం పట్రా."

"ఏమని అడగను?"

"మా అత్తకి విసుగు తీరిందని చెప్పు."