రెండో తాడు

దేవరకొండకు నాలుగు మైళ్ళ దూరంలోని అత్తగారి ఊళ్ళో మంజులతకు ప్రతిదీ ముచ్చటగానే ఉండేది. కాపురానికి వచ్చి మూడు నెలలైంది. జొన్నరొట్టె తట్టడం సరిగా రాక రోజుకో దేశపటం చేసేది. మొగుడు యాదగిరి అది ఏ దేశమో చెప్పి మరీ తినేవాడు. పట్నంలో బి.ఏ. చదివిన కోడలని ఊరంతా వచ్చి ఆమెను చూసిపోయింది. ఆమె కళ్ళు మాత్రం ఆడపడుచు ఈదమ్మ మీదే ఉండేవి.

ఈదమ్మకు తొమ్మిదేళ్ళు. పొద్దున్నే సంకన బింద పెట్టుకొని, చేనులోని మోటబావి మెట్లు దిగి నీళ్ళు తెచ్చేది. ఇరవై రెండు మెట్లు. చివరి మూడింటి మీద పచ్చటి పాచి. పిల్లకు ఈత రాదు. ఆ ఊళ్ళో ఎండాకాలం వస్తే మగపిల్లల వీపుకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి, నడుముకు తాడేసి బావిలో వదిలేవారు. పెద్ద బుర్రతో మొదలుపెట్టి, తర్వాత చిన్న బుర్ర, ఆఖరుకు వట్టి వీపు. ఆడపిల్లలకు మాత్రం బింద ఇచ్చేవారు.

ఈదమ్మకు ఈత నేర్పుదామని మంజులత అన్న రోజు, అత్త నర్సింగమ్మ కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. ఎందుకో యాదగిరి చెప్పాడు. ఆమె మొదటి కొడుకు మారయ్య ఏడేళ్ళప్పుడు అదే బావిలో పోయాడు. తల్లి ఈత నేర్చుకోనివ్వకపోతే ఎవరికీ చెప్పకుండా ఒక్కడే దిగాడట. యాదగిరి కూడా తల్లికి తెలియకుండా మేనమామ ఊళ్ళోనే ఈత నేర్చుకున్నాడు.

మంజులత వారం రోజులు అత్త వెంటపడింది.

"రోజూ ఆ మెట్లే దిగుతది గద అత్తమ్మా. ఒకనాడు జారితే?"

"నీళ్ళకు పోవుడు పని. పనిల దేవుడు సూసుకుంటడు. ఈతంటే నీళ్ళను ఎక్కిరించుడు."

ఎనిమిదో రోజు నర్సింగమ్మ ఒప్పుకుంది. ఒక్కటే షరతు. పిల్ల నడుముకు రెండో తాడు కట్టాలి, అది తన చేతిలో ఉండాలి. మంజులత సంతోషం పట్టలేక అత్త చేతులు పట్టుకొని తిప్పబోయి, సిగ్గుపడి వదిలేసింది.

యాదగిరి మొహం మాత్రం ముడుచుకుంది. "తాడు ఒక్కల చేతులనే ఉండాలె. ఇద్దరు పడితే పిల్ల ఎటు రావాలె?"

ఒకటికి రెండుంటే మంచిదే కదా, పెద్దావిడ మనసు కుదుటపడుతుంది అని మంజులత నవ్వింది. కొత్త పెళ్ళాం నవ్వుకు ఎదురు చెప్పడం అతనికింకా అలవాటు కాలేదు. రెండో తాడు కట్టాడు.

మొదటి రెండు రోజులు ఈదమ్మ కేకలకు చేలో కొంగలు లేచిపోయాయి. ఐదో రోజుకు చిన్న బుర్ర మీదికి వచ్చింది. ఎర్రబడ్డ కళ్ళతో, నీళ్ళోడే జడతో ఇంటికొచ్చి రెండు రొట్టెలు ఎక్కువ తినేది. మంజులత తల తుడుస్తుంటే, "వదినె, నీళ్ళ మీద పండుకుంటే ఆకాశం గుండ్రంగ, మన బావి అంతనే ఉంటది" అంది. ఆ మాటను మంజులత ఆ రోజంతా తలుచుకొని మురిసిపోయింది.

పదకొండో రోజు వట్టి వీపు. మెట్ల మీద యాదగిరి ఒక తాడు పట్టుకొని కూర్చున్నాడు, పక్కన మంజులత. ఎదుటి దరిన, మోట తోలే రాతిగడ్డ మీద నర్సింగమ్మ రెండో తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. పిల్ల కొంచెం మునుగుతుంది, నీళ్ళు మింగుతుంది, ఎవరూ గుంజవద్దు, తనంతట తనే పైకి రావాలి అని యాదగిరి ముందే చెప్పాడు.

ఈదమ్మ మెట్టును తన్ని ముందుకు పోయింది. ఆరు బారలు ఈదింది. నడిబావిలో మునిగింది. యాదగిరి లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు. మూడు అనకముందే పిల్ల తల పైకి తేలింది. నీళ్ళు ఉమ్ముతూ నవ్వుతున్న ఆ నోటిని మంజులత చూసింది. నర్సింగమ్మ నోటిని చూడలేదు. ఇరవై ఏళ్ళ కింద నీళ్ళ మీద తేలిన జుట్టునే చూసింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజింది. పిల్ల రాతిగోడకు కొట్టుకుంటుందని యాదగిరి ఇటు గుంజాడు. రెండు తాళ్ళ మధ్య పిల్ల గిర్రున తిరిగింది. బావి గోడలోంచి పొడుచుకొచ్చిన రాయికీ తాడుకూ నడుమ కుడి మోచేయి ఇరుక్కుంది. ఎముక విరిగిన చప్పుడు మంజులతకు స్పష్టంగా వినిపించింది.

ఊళ్ళో ఎముకలకు కట్లు కట్టే కురుమయ్య వచ్చి వెదురుబద్దలతో కట్టు కట్టాడు. నలభై రోజులకు ఎముక అతికింది కానీ చెయ్యి చాచడం రాలేదు.

మంజులతను ఎవరూ ఒక్క మాట అనలేదు. చూడడానికి వచ్చిన అమ్మలక్కలతో నర్సింగమ్మ, "నా కోడలు సదువుకున్నది. మంచి జెయ్యబోయింది" అనేది. ఆనపకాయ బుర్రల్లో విత్తనాలు పోసి దూలానికి వేలాడదీసింది. యాదగిరి రొట్టె తిని, ఏ దేశమో చెప్పకుండా లేచి వెళ్ళేవాడు.

కట్టు విప్పిన ఐదో రోజు నర్సింగమ్మ చిన్న బింద తీసి ఈదమ్మకిచ్చింది. పిల్ల చెయ్యి ఇంకా చాచరావట్లేదంటూ మంజులత అడ్డం వచ్చింది.

"ఎడమ సంక ఉన్నది గద. పనికేమడ్డం?" అంది అత్త.

మంజులత పిల్ల వెంట బావి దాకా నడిచింది. గట్టు మీద ఈదమ్మ ఆగింది.

"అమ్మ గుంజకముందే నేను పైకొచ్చిన వదినె."

"నేను చూసిన."

"మల్ల నేర్వనిస్తరా?"

మంజులత బింద తనకిమ్మని చెయ్యి చాపి మెట్టు మీద కాలు పెట్టింది. పిల్ల వెనక్కి తిరిగింది.

"నువ్వు దిగకు వదినె. కింద పాచి ఉన్నది. నీకు ఈత రాదు గద."

ఎడమ సంకన బిందను అదుముకొని ఈదమ్మ ఒక్కొక్క మెట్టే దిగింది. పాచి మెట్ల దగ్గర గోడను పట్టుకోబోయింది. వంగిన కుడిచెయ్యికి గోడ అందలేదు.