తెల్ల పడవ మీద రోజారమణి

ఊరి పెద్ద చిన్నపోలయ్య ఫోను తిరిగి ఇచ్చేసరికి మధుబాబు తెర మీద ఫోటోలు ఒక్కొక్కటే జరిపాడు. మొగుడు కొట్టినప్పుడల్లా కూతురు రోజారమణి తీసి దాచుకున్న ఫోటోలవి, పదకొండు. ఒక్కదాంట్లోనూ దెబ్బ లేదు. కమిలిన చెంప నున్నగా ఉంది. వాచిన కన్ను కలువలా విప్పారి ఉంది.

ఒంటి మీది దెబ్బలు మానిపోయాయి. రుజువు చూపిస్తే పుట్టింట్లో ఉండనిస్తాం, లేకుంటే సాయంత్రానికల్లా కాపురానికి పోవాలన్నారు పంచాయితీ పెద్దలు.

"పెళ్లికూతురు మాదిరుండాది గదా మామా!" అన్నాడు అల్లుడు శివ. సముద్రం ఒడ్డున ఇసుకలో కూర్చున్న మగవాళ్లు పగలబడి నవ్వారు.

"ఏందమ్మా ఇది?" అడిగాడు మధుబాబు.

"బ్యూటీ మోడ్ నాన్నా, ఫోనే మొహాన్ని నున్నగా, తెల్లగా చేసేస్తది. పడవలకు రంగులేసే వీడియోలు పెడతా గదా, నల్లగుండాది, ఎత్తుపళ్లది అని కామెంట్లు పెట్టినారు. అప్పుడు దాన్ని పెట్టుకుంటి, మళ్లీ తియ్యలా. అది లేకుండా నా మొహం నేనే చూసుకోలేకపోయినా. ఏడుస్తా ఫోటో తీసుకుంటి, మళ్లీ తెరిచి చూడలా."

మధుబాబు ఫోను తెర ఆర్పేశాడు. కూతురు ఎంత కళగా ఉందోనని ఆ వీడియోలు ఆఫీసులో అందరికీ చూపించింది తనే.

రోజారమణి లేచింది. పక్కనే శివ కొత్త పడవ, తెల్లరంగు ఆరి బొమ్మల కోసం సిద్ధంగా ఉంది. ఊళ్లో పడవలన్నిటికీ పేర్లూ, అమ్మవారి కళ్లూ రాసేది ఆమే. పడవ పక్కనున్న రంగు డబ్బాలు తెరిచింది. ఒకటి తండ్రి చేతికిచ్చింది.

అమ్మవారి కళ్లు రావాల్సిన చోట ఆమె మొహం వచ్చింది. చామనఛాయ, ఎత్తుపళ్లు, మూసుకుపోయిన కన్ను. నవ్వులు ఆగిపోయాయి. బొమ్మ తుడిచెయ్యడానికి శివ కిరసనాయిలు గుడ్డతో దూకాడు. చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్లు లేచొచ్చి పడవకు అడ్డంగా నిలబడ్డారు.

చిన్నపోలయ్య భార్య పేరమ్మ బొమ్మను తేరిపార చూసింది.

"కన్ను కింద ఇంకొంచెం నలుపెయ్యమ్మే. ఆపొద్దు ఇంతకంటే ఎక్కువుండె."

చిన్నపోలయ్య అదిరిపడ్డాడు. "నువ్వు చూసినావా? నాకు చెప్పలేదే?"

"ఫోటో అడిగితివి గానీ, నన్నడిగినావా?"

"పెదవి గూడా చీలింది," అంది వెనకనుంచి పక్కింటి కామాక్షి. "నోరు కడుక్కునేదానికి నేనే నీళ్లు పోసినా."

రోజారమణి పెదవి మీద ఎర్రగీత గీసింది. ఆ నీళ్లు పోసిన చేతికి దండం పెట్టాలనిపించింది మధుబాబుకు. చేతిలోని రంగు డబ్బా వదలలేకపోయాడు.

చిన్నపోలయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "గుడ్డ కింద పడెయ్‌రా శివా. మధుబాబు గారూ, అమ్మాయి మీ కాడే ఉంటది. రేపు కేసు పెట్టేదానికి కోట పోలీస్ స్టేషన్‌కు నేనూ వస్తా, పేరమ్మా వస్తది."

మధుబాబు తల దించుకునే ఉన్నాడు.

"నా మొహం ఒకసారి చూడు నాన్నా," అంది రోజారమణి.

ఆయన చూశాడు.