కూడికలోకి రాని పని

"జర గా చింతపండు నానబెట్టి పో, ఇందిరా. రెండు నిమిషాల పని" అంది మా అత్త జానకీబాయి, నేను చెప్పులు వేసుకుంటుంటే. నానబెట్టాను. ఆ వెంటే పాలగిన్నె, మామయ్య మందుగోలీలు, పాప జడ. కరీంనగర్ బస్టాండు దగ్గరున్న మా కంప్యూటర్ ఆఫీసుకు చేరేసరికి గంట ఆలస్యం. "ఇంట్ల గంత మంది ఉండంగ మీకేం పనుంటది, మేడం?" అన్నాడు మా యజమాని జలపతిరావు, అందరి ముందూ.

అది తొంభై ఆరో సంవత్సరం. కాలేజీలకు మార్కుల జాబితాలు తీసే మా ప్రోగ్రాం నలభై నిమిషాలు నడిచేది. అందులో ఏ భాగం ఎంతసేపు తీసుకుంటుందో కొలిచే ప్రొఫైలర్‌ను జలపతిరావే రాశాడు. అన్ని భాగాలూ కలిపినా అది ఇరవై రెండు నిమిషాలే చూపేది. మిగతా పద్దెనిమిది నిమిషాలు ఎటు పోయాయి? "మిషిన్ పాతది" అని ఆయన తేల్చేశాడు. నాకు నమ్మకం కుదరలేదు.

మూడు రోజులకు దొరికింది. పేర్లు సరిచూసే చిన్న భాగం ఒకటి రెండు లక్షల సార్లు నడుస్తోంది. ఒక్కోసారికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. అంత చిన్నదాన్ని ప్రొఫైలర్ ప్రతిసారీ సున్నా చేసి, ఆ తర్వాత కూడుతోంది.

"గంత చిన్నయి లెక్కెందుకని నేనే కొట్టేసిన" అన్నాడు జలపతిరావు.

ముందు అన్నీ కూడి, చివర్లో మాత్రమే చిల్లర కొట్టేసేలా మార్చాను. నలభై నిమిషాలూ తేలాయి. తెరమీది ఆ అంకె చూస్తుంటే అత్త మాట గుర్తొచ్చింది. అత్త అబద్ధమాడలేదు. ఏ పనైనా రెండు నిమిషాలదే. నా పెళ్లైన ఈ పదకొండేళ్లుగా వాటిని ఎవరూ కూడలేదు. నేనూ కూడలేదు.

ఆ చిన్న భాగాన్ని తిరగరాస్తే ప్రోగ్రాం పాతిక నిమిషాల్లో ముగిసింది. జలపతిరావు సంబరపడ్డాడు. "సోమవారం హైదరాబాద్‌ల కాలేజోళ్లకు చూపియ్యాలె. భూమన్న పోతడు. మీకు ఇల్లున్నది గదా."

నా పక్క బల్ల భూమన్న మొహమాటంగా కాగితం జరిపాడు. "అక్కా, నువ్వు జేసింది జర రాసియ్యి. గదే చదువుత."

కలం తెరిచాను. మొదటి వాక్యం రాయబోయి ఆగాను.

"రాయ, భూమన్నా. నేనే పోత."

జలపతిరావు తలెత్తి చూశాడు. తప్పు ఎక్కడుందో చెప్పగలిగింది నేనొక్కదాన్నేనని ఆయనకూ తెలుసు. కాదనలేదు.

ఇంట్లో ఆ సంగతి చెబితే, మా ఆయన దామోదర్‌రావు పేపరులోంచి తల ఎత్తకుండానే అడిగాడు: "రెండు రోజులా? మరి ఇంట్లెట్ల?"

పాప బడి, మామయ్య పథ్యం, రెండు పూటల వంట, అన్నింటికీ ఏర్పాట్లు నా నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

"నాకు తెల్వదు" అన్నాను.

ఆయన పేపరు దించాడు.