గీత కింద చుక్క

“రేపు విడుదల కావలసిన కారు లీటరుకు ఇరవై కిలోమీటర్లు ఇస్తుందన్నారు. రోడ్డెక్కిస్తే పందొమ్మిదే ఇస్తోంది. తప్పెవరిదో ఈ గదిలోనే తేలాలి,” అన్నారు డైరెక్టర్ హత్తోరి గారు.

అందరి కళ్ళూ మినెగిషి వైపు తిరిగాయి. యంత్రం మీద మైలేజీ పరీక్ష చేసింది ఆ పిల్లే.

“మీ విభాగం ఇచ్చిన బరువుకే యంత్రాన్ని సెట్ చేశాను, కురమోచి గారూ,” అంది మా ఆయనతో.

“కుర్రతనం, డైరెక్టర్ గారూ. మనమే క్షమించాలి,” అన్నాడు మా ఆయన. బరువుల విభాగానికి పెద్ద ఆయనే.

నాకు లోపల హాయిగా అనిపించింది. ఏడాదిగా రెండు లంచ్ బాక్సులు కడుతున్నాను. రెండోది మినెగిషికి. “ఒంటరి పిల్ల, పాపం. దానికీ నాలుగు గుడ్డట్టు చుట్టలు పెట్టు. నీ చేతులేం అరిగిపోవుగా,” అన్నాడు ఆయన. పెట్టాను. భోజనాల దగ్గరా ఆయన నోట ఆ పిల్ల కబుర్లే. “ఎంత చురుకో. నువ్వూ ఒకప్పుడు అలాగే ఉండేదానివి.” ఒకప్పుడు ఆ పిల్ల కుర్చీ నాది. పెళ్ళి కుదరగానే పూలగుత్తి చేతికిచ్చి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపారు. మా నగోయాలో అదే మర్యాద. పిల్లలు పెద్దయ్యాక గంటల జీతానికి తిరిగొచ్చి, వీళ్ళ సమావేశాలకు గ్రాఫులు గీస్తున్నాను. నా వంట తిని, నా కుర్చీలో కూర్చుని, నా మొగుడి నోట్లో నానుతున్న పిల్ల ఇవాళ్టితో పోతుంది. నేను నోరు మూసుకుంటే చాలు.

తెర మీద నా గ్రాఫే ఉంది. అడ్డంగా బరువు, నిలువుగా మైలేజీ, ఒక్కో కారుకీ ఒక చుక్క. వాటి మధ్య నుంచి ఏటవాలుగా దిగే గీత. వంద కిలోలు పెరిగితే రెండు కిలోమీటర్లు తగ్గుతుంది. రోడ్డు మీద పందొమ్మిదే ఇచ్చిన కొత్త కారు చుక్క మాత్రం గీతకు దిగువన పడి ఉంది. దాన్ని పైకి లాగడమెలాగని అందరూ చూస్తున్నారు. నేను పక్కకు చూశాను. యాభై కిలోలు కుడికి జరిపితే సరిగ్గా గీత మీదికి వస్తుంది. మైలేజీ కాదు, బరువు తప్పు. కాగితం మీద తొమ్మిది వందల తొంభై. వెయ్యి దాటితే కొన్నవాడికి పన్ను పెరుగుతుంది.

మొన్న బీరు తాగుతూ ఆయన నవ్వాడు. “తూకం రోజు వెనక సీటూ స్పేర్ టైరూ జాకీ తీసేస్తే ఎవడు చూడొచ్చాడే.”

టీ విరామంలో మినెగిషి ఖాళీ బాక్సు నా చేతిలో పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“కురమోచి గారికి ఇచ్చేయండి. ఆయన వంటకి థాంక్స్ చెప్పండి.”

“ఎవరి వంట?”

“ఆయనదే. పొద్దున్నే లేచి చేస్తానన్నారు. మీకు వంట రాదటగా.”

ఆ పిల్ల మీద అసూయ అప్పటికీ పోలేదు. ఆ కుర్చీ చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ దాన్ని నా దగ్గర్నుంచి లాక్కున్నది ఆ పిల్ల కాదు.

విరామం అయ్యాక లేచి తెర దగ్గరికి వెళ్ళాను. చుక్కను కుడికి జరిపాను.

“బరువు తప్పు. సీటూ టైరూ తీసి తూచారు. మళ్ళీ తూయించండి.”

“తూయించిందెవరు?” అన్నారు హత్తోరి గారు.

మా ఆయన నన్ను చూసి చెయ్యి కిందికి ఊపాడు, ఇంట్లో టీవీ గొంతు తగ్గించమన్నట్టు.

“కురమోచి సెయిజి,” అన్నాను. “మా ఆయన.”