వెనక ఎడమ స్పీకరు

"ఖాళీగా ఉన్నారా వదినా? ఒకసారి మీ ఇంటికి రావచ్చా?" అని ఫోనులో వినబడగానే డబ్బాకి ఒళ్ళు మండింది. సొంత అన్న పెళ్ళాం, అంతకుముందు ప్రాణస్నేహితురాలు, ఇంటికి రావడానికి పర్మిషన్ అడగడమేమిటి! ఒకప్పుడు ఇదే మనిషి గేటు తన్నుకుని లోపలికొచ్చి, ఫ్యాను కింద కూలబడి, "ఒసేయ్, తినడానికేం ఉంది?" అని అరిచేది.

"అయ్యో, రండి వదినా, దానికి అడగాలా," అంది డబ్బా కూడా ఏమాత్రం తగ్గకుండా. ఫోను పెట్టేశాక మాత్రం గోడకేసి చూసి "మర్యాదట, మర్యాద!" అని గొణుక్కుంది.

డబ్బా అన్నది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు కాదు. కాలేజీ రోజుల్లో టీవీలో ఒక కార్టూన్ సీరియల్ వచ్చేది. ఎగిరే ఓడ మీద తిరిగే ఒక కెప్టెన్ పిల్ల, తుఫానులో తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ పోయే కథ. దాని కోసం పిచ్చెక్కినవాళ్ళందరూ ఒక గుంపుగా చేరారు. సీరియల్లోంచి సీన్లు కత్తిరించి, ఏదో ఒక పాటకి అతికించి, ఆ వీడియోలు ఒకళ్ళకొకళ్ళు చూపించుకుని మురిసిపోవడమే వాళ్ళ పని. ఇవాళైతే ఫోనులో చిన్నపిల్లలు కూడా చేసేస్తారు గానీ, అప్పుడది తపస్సే. బొమ్మ పాటకి అతికేసరికి కంప్యూటరు మూలిగి మూలిగి ఆగిపోయేది. ఆ గుంపులో బొమ్మలు కత్తిరించే అమ్మాయి కత్తెర. సౌండు చూసుకునే అమ్మాయి, "నా సౌండు వింటే మతిపోతుంది" అని రోజంతా సొంత డబ్బా కొట్టుకునేది కాబట్టి, డబ్బా.

మిగతావాళ్ళ వీడియోల్లో పాట రెండు స్పీకర్లలోంచి వచ్చేది. డబ్బాకి అది ఆనలేదు. మేనమామ ఇంట్లో హోమ్ థియేటర్ ఉంది: ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలన గుబగుబలాడే ఒక పెద్ద బాస్ పెట్టె. మామయ్య ఆఫీసుకి వెళ్ళడం ఆలస్యం, ఇద్దరూ అక్కడ వాలిపోయేవారు. సోఫా గోడకి తోసేసి, గది మధ్యలో ఒకే ఒక్క కుర్చీ వేసేవారు. అన్ని వైపుల నుంచీ శబ్దం సరిగ్గా వచ్చి కలిసేది ఆ కుర్చీ దగ్గరే. అందులో ఎవరు కూర్చోవాలన్న దాని మీద రోజూ జుట్లు పట్టుకునేంత గొడవ. అత్తయ్య వచ్చి "కుర్చీ కోసం మీలా కొట్టుకునేవాళ్ళని పేపర్లో చూడటమే" అని నవ్వేది.

ఎంత సుఖంగా ఉండేవో ఆ మధ్యాహ్నాలు! ప్లాస్టిక్ కవరు నలిపితే వాన. బకెట్లో చెయ్యి పెట్టి ఆడిస్తే సముద్రం. "ఓడ నా నెత్తి మీంచి వెళ్ళాలే, చెవి పక్క నుంచి కాదు," అని కత్తెర పట్టుబడితే, ఆ ఒక్క ఓడని ముందు నుంచి వెనక్కి నడిపించడానికి డబ్బా వారం తలకిందులయ్యేది. చివరికి ఆ ఓడ నెత్తి మీంచి వెళ్ళినరోజు ఇద్దరూ పిచ్చివాళ్ళలా గంతులేశారు.

పెద్ద ఆలోచన వచ్చింది కూడా ఆ కుర్చీలోనే. పాట ముందు నుంచి వస్తుంది, సముద్రం చుట్టూ ఉంటుంది. తప్పిపోయిన చెల్లెలు మాత్రం వెనక ఎడమ వైపు నుంచి, ఆ ఒక్క స్పీకరులోంచే, అక్కని పిలుస్తూ పాటకి గొంతు కలుపుతుంది. ఆ గొంతు కత్తెరది. బట్టల బీరువాలో తల దూర్చి, చీరల మధ్య ఊపిరాడక చెమటలు కక్కుతూ పాడింది పాపం. "పాట నీకొద్దు, నీది పగిలిన గొంతు" అని చిన్నప్పటి నుంచీ వాళ్ళమ్మ అంటూ వచ్చిన పిల్ల అది. మైకు ముందు నోరు తెరవడానికే డబ్బా దాన్ని నెల్లాళ్ళు బతిమాలింది.

అభిమానులందరూ చుట్టూ స్పీకర్లున్న ఒక హాలు అద్దెకి తీసుకుని వీడియోలు వేసుకున్నరోజు, కత్తెర వాళ్ళమ్మని కూడా తీసుకొచ్చింది. చప్పట్లు హోరెత్తాయి. డబ్బా డిస్కు వేసిన మెషీను పక్కన నిలబడి గాల్లో తేలిపోయింది. ఆట అయ్యాక కత్తెర వచ్చి "బాగుంది" అని ఒక్క మాట అని, వాళ్ళమ్మ వెంట వెళ్ళిపోయింది. ఆ తర్వాత మామయ్య వాళ్ళింటికి మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి పెళ్ళిసంబంధం కుదిరి, చూస్తే పెళ్ళికొడుకు సాక్షాత్తూ డబ్బా అన్నయ్యే! ఇంక చూసుకో, ఇల్లంతా మన రాజ్యమే అని డబ్బా ఎగిరి గంతేసింది. కోడలై వచ్చిన కత్తెర మాత్రం మొదటిరోజే "కాఫీ తాగుతారా వదినా?" అంది. పెళ్ళవగానే పెద్దరికం ఒంటబట్టిందనుకుంది డబ్బా. ఉడుక్కుని తనూ "మీరు" మొదలెట్టింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా, జుట్లు తెల్లబడేదాకా, అదే మర్యాద.

అన్నయ్యా వదినా సాయంత్రానికి వచ్చారు. అన్నయ్య సోఫాలో సర్దుకుని పేపరు అందుకున్నాడు. వదిన కుర్చీ అంచున కూర్చుంది.

"ఎడమ చెవి లోపల నరం మీద చిన్న గడ్డ ఉందట వదినా. వచ్చేవారం ఆపరేషన్. ప్రాణానికేం భయం లేదన్నారు. ఆ చెవి మాత్రం ఇంక పనిచెయ్యదట."

డబ్బా తన కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఒక్క చెవైతే, శబ్దం ఎటునుంచి వస్తోందో తెలీదట," అని వదిన నవ్వబోయింది. "మనం వీడియో చేశాం చూడండి, ఓడది. ఈలోపల అదొక్కసారి వినాలనుంది. ఆ కుర్చీలో కూర్చుని, చుట్టూ. అందులో నా గొంతు లేదనుకోండి. అయినా సరే."

"లేకపోవడమేమిటి?" అంది డబ్బా.

"మీరు తీసేశారు కదా."

"నేనా? తీసేశానా?"

"బాగా రాలేదని తీసేసి ఉంటారు. తప్పులేదు. ముందే ఒక మాట చెప్పుంటే అమ్మని తీసుకెళ్ళేదాన్ని కాదు," అంది వదిన. "ఆవిడ హాల్లో పాట అయ్యేదాకా 'ఏదే నీ గొంతు, ఏదే' అని అడుగుతూనే ఉంది. బయటికొచ్చాక, 'నేను ముందే చెప్పానా' అంది. ఆ తర్వాత నేనెప్పుడూ పాడలేదు. పిల్లలకి జోల కూడా మీ అన్నయ్యే పాడారు."

"అందుకే వాళ్ళు నిద్రపోయేవారు కాదు," అన్నాడు అన్నయ్య పేపరు చాటు నుంచి. ఎవరూ నవ్వలేదు. ఆయన మెల్లిగా లేచి వంటింట్లోకి జారుకున్నాడు.

డబ్బా లోపలికి వెళ్ళి బీరువా మీది అట్టపెట్టెలన్నీ కిందికి లాగింది. పాత డిస్కు దొరికింది, పాత హార్డ్ డిస్క్ కూడా దొరికింది. మామయ్య పోయాక ఆ హోమ్ థియేటర్ని అత్తయ్య తనకే ఇచ్చింది. స్పీకర్ల మీద దుమ్ము పమిటతో తుడిచి, డిస్కు పెట్టింది. పాట వచ్చింది, అలలు వచ్చాయి. చెల్లెలు పిలవాల్సిన చోట వెనక నుంచి ఏ గొంతూ రాలేదు. మూలనున్న బాస్ పెట్టె మాత్రం ఊఁ, ఊఁ అని మూలిగింది. ఇన్నేళ్ళూ ఆ గొంతు ఉందనే నమ్మింది డబ్బా. హాల్లో నిలబడి విన్నాననే అనుకుంది. బాగా తెలిసిన పాటని చెవి వినకపోయినా మనసు పాడేసుకుంటుంది మరి.

హార్డ్ డిస్క్ కంప్యూటరుకి తగిలించి చూస్తే, స్పీకరుకొకటి చొప్పున ఆరు ఫైళ్ళూ భద్రంగా ఉన్నాయి. నాలుగోది తెరిచింది. చీరల మధ్య దాక్కున్న పంతొమ్మిదేళ్ళ గొంతు, నిక్షేపంలా ఉంది. మరి హాల్లో ఏమైనట్టు? చూడగా చూడగా తెలిసొచ్చి, రెండు చేతులతో తల బాదుకుంది. తను పాట కలిపిన సాఫ్ట్‌వేర్‌లో నాలుగో స్థానం వెనక ఎడమ స్పీకరుది. డిస్కు రాసిన సాఫ్ట్‌వేర్‌లో నాలుగోది బాస్ పెట్టెది. మామయ్య ఇంట్లో ఎప్పుడూ ఆ పాట కలిపిన సాఫ్ట్‌వేర్ నుంచే విన్నారు. డిస్కు ఆరోజు పొద్దున్న హడావుడిలో రాసి పట్టుకుపోయారు, వేసి చూసిన పాపాన పోలేదు. గుబగుబలు తప్ప ఇంకేదీ పలకని పెట్టెలోకి పిల్ల గొంతుని పంపిస్తే ఏం వినబడుతుంది, నా తలకాయ!

"ఒసేయ్ కత్తెరా!" అని కేక పెట్టింది డబ్బా. "నీ గొంతుని నేను తియ్యలేదే! డబ్బాలోకి పంపించాను! నా బుర్ర తగలెయ్య, వరస మారిపోయిందే!"

జరిగిందంతా చెప్పింది. వదిన భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో డబ్బాకి అర్థం కాలేదు. "అంటే నా గొంతుని డబ్బాయే మింగేసిందన్నమాట," అంది వదిన. "నువ్వొక్కదానివి చాలవని ఇంకో డబ్బా కూడా!"

"అప్పుడే అడగొచ్చు కదే, మొద్దూ!"

"నువ్వే చెప్తావనుకున్నానే."

ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తల పెట్టుకుని బావురుమన్నారు. వంటింటి గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ అన్నయ్య, ముందుకి రావాలో వెనక్కి పోవాలో తేలక అక్కడే ఉండిపోయాడు.

డబ్బా వరస సరిచేసి, గది మధ్యలో కుర్చీ వేసి, "కూర్చో, ఇవాళ గొడవ లేదు, నీదే," అంది. పాట మొదలైంది. అలలు చుట్టుముట్టాయి. ఓడ నెత్తి మీంచి వెళ్ళింది. సరిగ్గా చోటు రాగానే వెనక ఎడమ స్పీకరులోంచి ఆ గొంతు తేటగా లేచింది. డబ్బాకి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆత్రంగా కత్తెర ముఖంలోకి చూసింది.

కత్తెర తెరకేసే చూస్తోంది. తల తిప్పలేదు. కళ్ళలో ఏ మార్పూ లేదు. చెల్లెలు పిలిచి పిలిచి ఊరుకుంది. పాట అయిపోయాక కత్తెర ఇటు తిరిగి, "బాగుంది," అంది.

"వినబడిందా?"

"ఆఁ."

"ఎటునుంచే?"

కత్తెర తల దించుకుంది. "ఏదో సన్నగా ఉన్నట్టుందిలే. ఈ చెవి ఇంతలా పోయిందని ఆయనకి కూడా చెప్పలేదు. కంగారు పడతారని."

గుమ్మంలో కప్పులు గలగలమన్నాయి. డబ్బా అటు చూడలేదు. కంప్యూటరులో మళ్ళీ మార్చి, మళ్ళీ తయారుచేసే ఓపిక లేదామెకి. వెనక ఎడమ స్పీకరుని స్టాండు మీంచి ఊడబీకింది. వైరు గోడ వెంబడి అతికించి ఉంటే, సున్నం రాలుతున్నా లెక్కచెయ్యకుండా లాగేసింది. స్పీకరుని చంటిపిల్లలా ఎత్తుకుని కుర్చీకి కుడి పక్కకి నడిచింది.

"అది ఎడమవైపుది కదే?" అన్నాడు అన్నయ్య బిక్కమొహంతో.

"నువ్వూరుకో అన్నయ్యా. పాట మళ్ళీ పెట్టు."

అటువైపు కాస్త దూరంలో ఉన్న స్టూలు దాకా వైరు అందలేదు. దాంతో స్పీకరుని రెండు చేతుల్లోనే పట్టుకుని, కత్తెర కుడి చెవి పక్కన నిలబడింది. పాట మొదలైంది, అలలు వచ్చాయి, ఓడ వచ్చింది. చెల్లెలు పిలిచింది.

కత్తెర ఉలిక్కిపడింది. మెల్లిగా కుడివైపుకి తల తిప్పి, స్పీకరుకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. డబ్బా చేతులు లాగేస్తున్నాయి. అయినా దించలేదు.

పాట ఆగాక కత్తెర కళ్ళు తెరిచింది. అవి నీళ్ళతో నిండి ఉన్నాయి.

"బాగానే పాడేదాన్నే నేను," అంది.