మామ ఆపిన ఆటో

పన్నెండు కూడా కాలేదు కదా, బడివాళ్ళు ఇప్పుడెందుకు ఫోన్ చేశారు, సాహితికి ఒళ్ళు వెచ్చగా ఉందట, వచ్చి తీసుకుపొమ్మంటున్నారు, ఇక్కడ ఆస్పత్రిలో చూస్తే మామ కాలి కసరత్తు ఇంకా పావుగంట ఉంది, పక్షవాతంతో మొండికేసిన ఆ ఎడమ కాలిని డాక్టరమ్మ మెల్లగా మడిచి చాపుతుంటే మామ నా మొహమే చూస్తున్నాడు, పో లీలమ్మా, బిడ్డను తెచ్చుకోపో, నేనేమన్నా చిన్నపిల్లోన్నా, ఈడ్నే కూచోనుంటా అంటున్నాడు, మా ఆయనేమో పొద్దున్నే బేతంచెర్ల నాపరాళ్ళ గనికి పోయాడు, ఫోన్ చేసినా రాలేడు, సరే మామా, అయిపోయినాక వరండాలో బెంచీ మీద కూచో, మెట్లు మాత్రం దిగొద్దు అని చెప్పి బయటపడ్డాను, ఒక్కదాన్నే అయితే కర్నూలు ఎంత చిన్న ఊరు, కదిలే ఆటోలో కూడా ఎక్కేయొచ్చు, మామతో అయితే రాజవిహార్ దగ్గర రోడ్డు దాటడమే ఒక ప్రయాణం, ఏ అంగడివాళ్ళు అరుగు మీద కూర్చోనిస్తారో, ఏ ఆటోవాడు చేతికర్ర చూసి ఆపకుండా పోతాడో అన్నీ ఈ ఆరు నెలల్లోనే తెలిశాయి, అంతకుముందు నన్ను కుట్టు నేర్చుకునే చోటికి స్కూటర్ మీద దింపింది మామే, నడుస్తాలే మామా అంటే, ఎండ శానా ఉండాది, ఎక్కు అనేవాడు, అదిగో బడి గేటు, సాహితి మొహం వాడిపోయింది, ఎత్తుకుంటే మెడ కాలుతోంది, ఏడేళ్ళకే ఇంత బరువైందేమిటి, అమ్మా తాత యాడ అంటోంది, ఉన్నాడులే అన్నాను, ఉన్నాడా, నేను బయల్దేరి గంట దాటింది.

బెంచీ ఖాళీగా ఉంది, డాక్టరమ్మా మా మామ యాడమ్మా, ఇప్పుడే కదక్కా ఈడ కూచోనుండె, మూడు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు, ఎట్లా దిగాడు, రోడ్డు మీద ఆ లారీల హారన్లు, నాదే తప్పు, కానీ ఏం చేయను, ఒకరి దగ్గరికి పోవాలంటే ఇంకొకరిని వదలాల్సిందే, దేవుడా ఆయన పడిపోలేదు కదా.

పడలేదు, అదిగో మలుపులో ఉన్నాడు, ఆటో ముందు చక్రానికి కర్ర అడ్డం పెట్టి, ఆటోకే ఆనుకుని నిలబడ్డాడు, లోపల ఒకామె గొణుగుతోంది, మాకు తెలిసిన డ్రైవరు ఉరుకుందప్ప నన్ను చూసి నవ్వుతున్నాడు, ఏమక్కా, మీ మామ నన్ను కదలనీలేదు, నా కోడలు జరమొచ్చిన బిడ్డనెత్తుకోని వస్తాండాది, ఎండలో ఎంతసేపు నిలబడుతాదప్పా అని ఒకటే మాట, మామా మెట్లు ఎందుకు దిగినావు అన్నాను, ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది, ఎడమ కాలు గజగజ వణుకుతోంది, అయినా నేను చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని, ముందు నువ్వెక్కమ్మా, బిడ్డను పండబెట్టు, నేను నిలబడగలను అంటున్నాడు, లోపలి ఆమె పక్కకు జరిగింది, ఎక్కాను, ఉరుకుందప్పా నేనూ చెరో చెయ్యీ ఇచ్చి ఆయన్ను లాగాం, ఆటో కదిలింది, సాహితి తాత తొడ మీద తల పెట్టుకుంది, ఆయన బాగున్న కుడి చేత్తో దాని నుదురు నిమురుతున్నాడు, ఇద్దరినీ ఈ ఊరంతా తిప్పేది నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నాళ్ళూ అలిసిపోయాను, నేనొక్కదాన్నే కాదు.